వెనక గది ఎవరికి?

పోయిన వారం మనం వీరభద్రాన్ని నేపర్‌విల్‌లో, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో, మోకాళ్ళ మీద వంగి నేలకి నీలం టేపు అంటిస్తుండగా వదిలేసి వచ్చాం. మర్చిపోయినవాళ్ళకీ, ఈ వారమే మనతో కలిసినవాళ్ళకీ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. వీరభద్రం భార్య రాధారాణి ఫిజికల్ థెరపిస్ట్. ఒక ఏడాది పాటు ఊరూరా తిరుగుతూ, ఒక్కో హాస్పిటల్లో మూడేసి నెలలు చేసే ఉద్యోగానికి ఒప్పుకుంది. మొదటి మజిలీ అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్. వీరభద్రం కంప్యూటర్ ఉద్యోగం ఎలాగూ ఇంటి నుంచే. అందుకని హోటళ్ళూ అపార్ట్‌మెంట్లూ కాకుండా ఇంటినే వెంటబెట్టుకుని తిరుగుదామని ఇద్దరూ తీర్మానించుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే ఆఖరు.

ఆ ఇంటి పేరు ఫిఫ్త్ వీల్. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కొక్కేనికి తగిలించి లాగే పొడుగాటి ట్రైలర్. దాని ముందు భాగం ట్రక్కు మీదికెక్కి కూర్చుంటుంది, పడకగది అందులో ఉంటుంది. మిగతా గదులు ఏది ఎక్కడ ఉండాలన్నదే తగువు. వీరభద్రానికి వెనకాల హాలు కావాలి, అందులో టీవీకి ఎదురుగా వెనక్కి వాలే రెండు రిక్లైనర్ కుర్చీలు కావాలి. బేస్‌మెంట్ నేల మీద టేపుతో గీస్తున్నవి ఆ కొలతలే. రాధారాణికి ఏం కావాలో ఆమె చెప్పలేదు. "చూద్దాం లెండి" అని మాత్రమే అంటూ వచ్చింది. పాతికేళ్ళ కాపురంలో ఆ మాటకి 'సరే' అని అర్థం చెప్పుకున్న మనిషి వీరభద్రం.

ఇంకొక్క సంగతి. వీరభద్రానికి అవని అనే చెల్లెలు ఉందనీ, ఆరేళ్ళుగా ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరనీ మొదటివారమే చెప్పాను. ఎందుకో చెప్పలేదని మీలో కొందరు నా మీద కోప్పడ్డారు. ఈ వారం చెబుతాను.

ఇల్లు అద్దెకిచ్చేశారు. జూన్ ఒకటిన అద్దెవాళ్ళు వచ్చేస్తారు. కాబట్టి ట్రైలర్ ఎంచుకోవడానికి మిగిలింది ఈ శనివారమే.

పొద్దున్నే ట్రక్కు ఇండియానా వైపు బయల్దేరింది. స్టీరింగ్ దగ్గర వీరభద్రం, పక్కన రాధారాణి, వెనక సీట్లో కూతురు హంసిక. కాలేజీ పరీక్షలు ముగించుకుని నిన్ననే ఇల్లు చేరిన హంసికకి అమ్మానాన్నల కొత్త పిచ్చి చూస్తుంటే పండగలా ఉంది. ప్రతిదానికీ ఫోన్ తీసి వీడియో పడుతోంది.

"ఇవాళ శనివారం కదా, యోగా మానేశావా రాణీ?" అన్నాడు వీరభద్రం హైవే ఎక్కగానే. పోయిన వేసవి నుంచి రాధారాణి శనివారాలు యోగా క్లాసుకని వెళ్ళి మధ్యాహ్నానికి గాని రావడం లేదు.

"ఇవాళ ఇదే యోగా" అంది రాధారాణి కిటికీలోంచి బయటికి చూస్తూ. వెనక సీట్లో హంసిక కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చింది.

ఎల్క్‌హార్ట్ ట్రైలర్ల ఊరు. రోడ్డుకి ఇటూ అటూ ఎటు చూసినా తెల్లటి ట్రైలర్లు బారులు తీరి ఉన్నాయి. పదకొండింటికి అపాయింట్‌మెంట్ అయితే పదిన్నరకే చేరామని వీరభద్రం గర్వంగా ట్రక్కు ఆపాడు. ఆఫీసు గోడ మీది గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"నాన్నా, ఇది ఈస్టర్న్ టైమ్. వీ ఆర్ లేట్."

"స్టేట్ దాటితే టైమ్ మారుతుందని ముందే చెప్పొద్దూ?"

"మనం కొనేది స్టేట్‌లు దాటే ఇల్లు, నాన్నా!"

డీలర్ తరఫున డెబ్బీ అనే ఆవిడ ఎదురొచ్చింది. పొట్టి జుట్టు, ఎర్ర బూట్లు, అరవై దాటినా పరుగులాంటి నడక. ముందు వీరభద్రానికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. తరవాత రాధారాణి వైపు తిరిగి "హాయ్ రాణీ!" అంది. తన భార్యని తను తప్ప ఎవరూ అలా పిలవరని వీరభద్రానికి తట్టాల్సింది. కానీ అప్పటికే అతని కళ్ళు ఎదురుగా ఉన్న ట్రైలర్ మీద పడ్డాయి. అదే, బేస్‌మెంట్‌లో టేపుతో గీసిన ట్రైలర్. వెనకాల హాలున్నది.

లోపలికి అడుగుపెట్టగానే అతని మొహం వెలిగిపోయింది. గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే ఏర్పాటుని స్లైడ్ అంటారు. ఇందులో మూడు స్లైడ్‌లు ఉన్నాయి. మూడూ తెరిచి ఉన్నాయి. మధ్యలో వంటిల్లు, దాని నడుమ ఐలాండ్ అనే చిన్న గట్టు, వెనక హాల్లో రెండు తోలు రిక్లైనర్లు, ఎదురుగా టీవీ. వీరభద్రం వెళ్ళి ఒకదాంట్లో కూలబడి కాళ్ళు చాపాడు.

"చూశావా రాణీ? నా టేపు అంగుళం తేడా రాలేదు. డెబ్బీ, దీన్ని..."

"స్టాప్, నాన్నా!" హంసిక రెండు చేతులూ ఎత్తింది. "ఊరికే కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయి. ఇక్కడ ఒక డే లివ్ చేద్దాం. రియల్‌గా. నేను చెప్తా, మీరు చేయాలి. తర్వాత డిసైడ్ చేయండి."

"డే అంతా ఇక్కడే ఉంటామా?"

"ఫాస్ట్‌గా, నాన్నా. డ్రామా లాగ. లే. పొద్దున్న అయింది."

వీరభద్రానికి నాటకాలంటే చిన్నప్పటి నుంచీ సరదా. ముందు పడకగదిలోకి వెళ్ళి, చెప్పులు విప్పి మంచమెక్కి, ఒళ్ళు విరుచుకుని లేచాడు. బాత్‌రూమ్‌లో దూరాడు. పళ్ళు తోముకుంటున్నట్టు చెయ్యి ఆడించేసరికి మోచెయ్యి తలుపుకి ఠాప్‌మని తగిలింది. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు మోచెయ్యి రుద్దుకుంటూ.

"ఇప్పుడు అమ్మ. వంట."

రాధారాణి వంటింట్లో నిలబడి చేతులు చాపి చూసింది. "ఇక్కడ కుక్కరు. ఇక్కడ మిక్సీ. మరి గ్రైండరు?"

సింక్ మీద మూత వేస్తే అది కూడా కౌంటరే అవుతుందని డెబ్బీ మూత వేసి చూపించింది.

"అప్పుడు బియ్యం ఎక్కడ కడగాలి?" అంది రాధారాణి. డెబ్బీ కాసేపు ఆలోచించి మూత తీసేసింది.

"దేవుడి గూడు?" అన్నాడు వీరభద్రం, అన్నీ తనే పట్టించుకుంటున్నట్టు.

"ఆయనకి చిన్న అర చాలండీ, సర్దుకుంటాడు. సర్దుకోలేనిది నేను." రాధారాణి లేని గరిటె పట్టుకుని లేని బాణలి ముందు నిలబడింది. "మీరు రిక్లైనర్లో కూర్చోండి. ఆఫీసు కాల్‌లో ఉన్నారు. నేను పప్పుకి పోపు పెడుతున్నాను."

"ఊ."

"ఎండుమిరపకాయలు వేశాను."

"ఊ."

"దగ్గండి."

"ఏంటీ?"

"మీ కుర్చీకీ నా పొయ్యికీ మధ్య తలుపుందా? గోడుందా? మిరపకాయల ఘాటు నేరుగా మీ ముక్కులోకే. మీ మేనేజర్ ఏదో అడుగుతోంది. దగ్గండి."

హంసిక నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. వీరభద్రం ఉక్రోషంతో నిజంగానే దగ్గాడు. వాళ్ళ భాష అర్థంకాని డెబ్బీ కంగారుపడి జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి ఇచ్చింది. అతను దాన్ని చప్పరిస్తూ "కిటికీ తీసుకుంటే సరిపోతుంది" అన్నాడు.

"ఓకే. ఇప్పుడు మనం రోడ్ మీద. మిస్సోరీలో ఎక్కడో రెస్ట్ ఏరియా. లంచ్‌టైమ్. బయటికి రండి అందరూ." హంసిక డెబ్బీకి సైగ చేసింది.

బయటికొచ్చాక డెబ్బీ బటన్ నొక్కింది. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు స్లైడ్‌లు మూసే వెళ్ళాలి. మూడు గోడలూ గుర్రుమంటూ లోపలికి జరిగిపోయాయి. ట్రైలర్ సన్నగా, పొడుగ్గా మిగిలింది.

"ఇప్పుడు వెళ్ళి లంచ్ తెచ్చుకో, నాన్నా."

వీరభద్రం హుషారుగా మెట్లెక్కి తలుపు తీశాడు. అక్కడే ఆగిపోయాడు. ఇందాక విశాలంగా కనిపించిన వంటింట్లో ఇప్పుడు మనిషి పక్కకి తిరిగి నిలబడటానికే చోటుంది. గోడతో పాటు జరిగొచ్చిన ఫ్రిజ్ సరిగ్గా ఐలాండ్‌కి మూతి ఆనించి నిలబడింది. అతను ఒళ్ళు కుదించుకుని లోపలికి దూరి ఫ్రిజ్ తలుపు పట్టుకుని లాగాడు. నాలుగు వేళ్ళు పట్టేంత సందు వచ్చింది.

"పులిహోర బయటే ఉంది లెండి" అంది రాధారాణి గుమ్మంలోంచి. "పెరుగు మాత్రం అందులో ఉంది."

ఇది చిన్న మాటేం కాదు. వీరభద్రం పెరుగన్నం లేకుండా భోజనం ముగించిన దాఖలా ఇంతవరకూ లేదు. విమానం ఎక్కినా చిన్న డబ్బాలో పెరుగు కోసం ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ళతో వాదించే రకం. రెండు వారాలు మోకాళ్ళు అరగదీసుకుని టేపు అంటించాడే గాని, ఇల్లు నిలబడి ఉన్నప్పటి కొలతలే గీశాడు. కదిలే ఇల్లు కదిలేటప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారైనా గీసి చూడలేదు.

"చిన్న కూలర్‌లో పెట్టుకుంటాం" అన్నాడు ఆ సందులోంచే, గొంతులో పస లేకుండా.

"ఇలా రండి" అంది రాధారాణి. "ఇప్పుడు నేను చూసింది చూద్దురుగాని."

"నువ్వు చూసిందా? ఎప్పుడు చూశావు?"

ఆమె డెబ్బీ దారి చూపిస్తుందేమో అని కూడా ఆగలేదు. రెండు వరసలు దాటి, కుడివైపు తిరిగి, చివర్లో ఉన్న ట్రైలర్ దగ్గరికి సొంత వాకిట్లోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తూ వీరభద్రానికి మొదటిసారి అనుమానం వచ్చింది. తన భార్య ఇక్కడికి కొత్తగా రాలేదు.

ఈ ట్రైలర్ వెనక గోడ మొత్తం ఒక పెద్ద తలుపు. డెబ్బీ గడియలు తీసి దించేసరికి అది నేల మీదికి వాలి, ఎక్కడానికి వాలుబాటయింది. లోపల హాలు లేదు. రిక్లైనర్లు లేవు. నల్లటి రబ్బరు నేల, నేలలో బిగించిన ఇనప కొక్కేలు, ముందు వైపు వంటింటికీ ఈ గదికీ మధ్యలో గట్టి గోడ, గోడకో తలుపు. పైన చూరుకి ఆనించి ఒక మంచం.

"ఇదేంటి రాణీ, షెడ్డు? ఆ కొక్కేలకి గేదెల్ని కట్టేస్తావా?"

"కాదు" అంది రాధారాణి. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి డ్రైవింగ్ లైసెన్స్ తీసి అతని చేతిలో పెట్టింది. "చదవండి."

"నీ పేరు. ఫొటోలో ఎప్పట్లాగే కోపంగా ఉన్నావు."

"దాని కింద. క్లాసు."

కార్లకిచ్చే 'డి' పక్కన, ఇలినాయ్‌లో మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళకిచ్చే 'ఎం' ఉంది. వీరభద్రం రెండుసార్లు చదివాడు. తిరగేసి చూశాడు. నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

హంసిక ఫోన్ అతని మొహం ముందు పెట్టింది. కమ్యూనిటీ కాలేజీ పార్కింగ్ లాటు. వరసగా పెట్టిన నారింజరంగు కోన్లు. వాటి మధ్య మెలికలు తిరుగుతూ వస్తున్న బైకు. బైకు మీద హెల్మెట్, ఆ హెల్మెట్ కిందనుంచి వీపు మీదికి వేలాడుతున్న జడ. ఆ జడ అతనికి పాతికేళ్ళుగా తెలుసు.

"యోగా?" అన్నాడు.

"అమ్మ యోగా మ్యాట్ క్లాజెట్‌లోంచి ఎప్పుడైనా బయటికి వచ్చిందా నాన్నా?"

"ఎప్పుడూ నా బండి మీద కూర్చోమంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకునేదానివి కదే!"

"పడేస్తారేమోనని భయం. మీరు నడిపే తీరు అలా ఉండేది" అంది రాధారాణి. మరుక్షణం ఆమె మొహంలో ఏదో పొంగింది. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. "ఏవండీ, మీకు తెలీదు. మొదటిరోజు ఒంటరిగా ఫాక్స్ రివర్ పక్క రోడ్డు మీద వెళ్తుంటే నేను గట్టిగా అరిచానండీ. హెల్మెట్ లోపల. ఊరికే, సంతోషం పట్టలేక. ఎర్రకొండల మధ్య, ఆ అరిజోనా రోడ్ల మీద, డ్యూటీ అయ్యాక సాయంత్రాలు... నాకు అది కావాలి. అందుకే ఆ ఊరు ఎంచుకున్నాను. అందుకే బండి పెట్టుకోవడానికి ఈ గది కావాలి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేవారు?"

ఏమనేవాడో వీరభద్రానికి తెలుసు. ఈ వయసులో అవసరమా అనేవాడు. నలుగురిలో ఆ మాట ఒక జోకుగా చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేసి, హెల్మెట్ ఎవరికో ఇచ్చేసేది.

అయినా మనిషి కదా, పట్టు వదల్లేదు. "సరే, బండి నడుపు. నేను కాదన్నానా? అద్దెకి దొరుకుతాయి ఎక్కడైనా. దానికోసం ఇల్లంతా గ్యారేజీ చేసుకోవాలా? ఏడాది పాటు నేను కూర్చోవడానికి కుర్చీ ఉండొద్దా? అక్కడ ఆ రిక్లైనర్లు..."

"ఆ రోజు కూడా రిక్లైనర్లే" అంది రాధారాణి.

ఆమె గొంతు పెంచలేదు. కానీ హంసిక వీడియో ఆపి ఫోన్ జేబులో పెట్టుకుంది.

"ఏ రోజు?" అన్నాడు వీరభద్రం, తెలిసే.

"నేపర్‌విల్ ఇల్లు కట్టిస్తున్నప్పుడు. అవని ఫోన్ చేసింది. విడాకులయ్యాయి, మనసు బాలేదు, బేస్‌మెంట్‌లో కొన్నాళ్ళు ఉంటాను అన్నయ్యా అంది. మీరేమన్నారు? బేస్‌మెంట్ హోమ్ థియేటర్‌కి ప్లాన్ చేశాం, రిక్లైనర్లు ఆర్డర్ కూడా ఇచ్చేశాం, ఇప్పుడు మార్చడం కుదరదు అన్నారు. మీ సొంత చెల్లెలితో. నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. ఆ కుర్చీల్లో కూర్చుని మనం ఎన్ని సినిమాలు చూశామండీ ఈ ఆరేళ్ళలో? మీరు నిద్రపోతారు, నేను బట్టలు మడతపెడతాను."

ఆరేళ్ళ తరవాత ఆ పేరు వినిపించింది. వీరభద్రం లైసెన్స్ ఆమె చేతిలో పెట్టేసి, ట్రైలర్ పక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. హంసిక వెనకే వెళ్ళబోతే రాధారాణి చెయ్యి పట్టుకుని ఆపింది.

అతను ట్రైలర్ చుట్టూ తిరిగాడు. టైరు ఒకటి కాలితో తన్నాడు. అతనికి సిగ్గేసింది. చెల్లెల్ని పొమ్మన్నానని అతను ఎన్నడూ అనుకోలేదు. అది ఫ్లోర్ ప్లాన్ సంగతి అనుకున్నాడు. తరవాత అవని ఫోన్ చెయ్యకపోతే, దానికే పొగరు అనుకున్నాడు. అలా అనుకోవడం సుఖంగా ఉండేది. ఇవాళ మళ్ళీ అదే ఇల్లు, అవే కుర్చీలు తను వెతుక్కుంటూ వచ్చాడు.

ఇవతలి వైపుకి వచ్చేసరికి వాలుబాటు మీద తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. అతను వాళ్ళ మధ్యనుంచి పైకెక్కి, గదిలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"హంసీ. పొద్దున్న అయింది."

"ఏంటి నాన్నా?"

"డ్రామా. మళ్ళీ మొదలెట్టు. పొద్దున్న అయింది, నేను లేచాను."

హంసిక ఒక్క గెంతు గెంతి లేచింది. రాధారాణి కళ్ళు తుడుచుకుని పరుగున వంటింట్లోకి వెళ్ళింది. బండి బయటికి తీసేస్తే వెనక గది పగలంతా ఖాళీ. పక్క గోడకి మడిచి ఉన్న బల్ల దించి వీరభద్రం దాని ముందు కూర్చుని లేని లాప్‌టాప్ తెరిచాడు. మధ్య తలుపు మూశాడు.

"పోపు వేశాను!" అవతల్నుంచి కేక వినిపించింది. "మిరపకాయలు! దగ్గొస్తోందా?"

"ఏం పోపు? ఏం మిరపకాయలు? నేను మీటింగ్‌లో ఉన్నాను!" అని ఇతను కేకేశాడు. హంసిక పడీపడీ నవ్వింది.

"నెక్స్ట్, రెస్ట్ ఏరియా!"

అందరూ దిగారు. డెబ్బీ స్లైడ్‌లు మూసింది. వీరభద్రం మెట్లెక్కుతూ ఒక్క క్షణం ఆగాడు. నిజం చెప్పాలంటే, ఈసారి ఆ ఫ్రిజ్ తెరుచుకోవాలని, ఇందాక వెక్కిరించిన గది గెలవాలని అతనే కోరుకుంటున్నాడు. తలుపు తీశాడు. సన్నటి దారి మిగిలే ఉంది. ఈ ఇంట్లో ఫ్రిజ్ కదిలే గోడకి కాదు, కదలని గోడకి ఉంది. పట్టుకుని లాగాడు. మొత్తం తెరుచుకుంది. ఖాళీ ఫ్రిజ్, లోపల లైటు వెలిగింది.

"పెరుగు!" అని అరిచాడు వీరభద్రం, లాటు లాటంతా వినిపించేలా. "రాణీ! పెరుగు వస్తోందే!"

డెబ్బీకి ఆ మాటకి అర్థం తెలీదు. అయినా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం కూడా ఆడారు. వెనక తలుపుని సగానికి దించి గొలుసులతో నిలిపితే అది నేలకి ఎత్తులో అరుగు అవుతుందని, చుట్టూ రెయిలింగ్ వస్తుందని డెబ్బీ చూపించింది. రెండు మడత కుర్చీలు వేసింది. ఎదురుగా ఎండలో ట్రైలర్ల వరసలే ఉన్నా, వీరభద్రానికి అక్కడ ఎర్రకొండలు కనిపించాయి. ఆ కొండల మధ్య రోడ్డు, రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ ఇంటికొస్తున్న భార్య కనిపించింది. తను ఆ అరుగు మీద టీ పెట్టుకుని చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆ ఊహ అతనికి ఎంతో నచ్చింది.

"రిక్లైనర్ ఎందుకు, ఈ కుర్చీ చాలు" అన్నాడు. "డెబ్బీ, మాకు ఇదే కావాలి. ఈ ఇల్లే."

రాధారాణి అతని భుజం మీద తల ఆనించింది. పబ్లిక్‌గా ఆమె అలా చెయ్యడం చూసి హంసిక "ఓ మై గాడ్" అని మొహం కప్పుకుంది, వేళ్ళ సందులోంచి వీడియో తీస్తూనే.

డెబ్బీ అరుగుని మళ్ళీ నేల మీదికి దించి వాలుబాటు చేసింది. అందరూ గదిలోకి వెళ్ళాక, గోడ మీది రెండు బటన్లు వీరభద్రానికి చూపించింది. పైది నొక్కితే మంచం చూరులోకి వెళ్ళిపోతుంది, కిందది నొక్కితే దిగి పడుకోవడానికి సిద్ధమవుతుంది. అతను చిన్నపిల్లాడిలా కిందది నొక్కి, మంచం దిగుతుంటే మధ్యలో ఆపి, పరుపు తట్టి చూశాడు.

"ఇది మాకెందుకు? ముందు గది ఉందిగా."

"సెకండ్ రైడర్‌కి కదా" అంది డెబ్బీ మామూలుగా. "రాణీ పోయినసారి వచ్చినప్పుడే చెప్పింది. రెండు బైకులకి సరిపడా కొక్కేలు, ఆవిడకి మెత్తటి పరుపు. రెండూ రెడీ చేయించాను."

వీరభద్రం చెయ్యి పరుపు మీదే ఉండిపోయింది.

"రెండో బైకెవరిది?" అన్నాడు.

హంసిక నేలచూపులు చూసింది. రాధారాణి మాత్రం అతని కళ్ళలోకే చూసింది. "నాకు బండి నేర్పింది ఎవరనుకున్నారు? కాలేజీ క్లాసు రెండు రోజులే. మిగతా శనివారాలన్నీ మిల్వాకీ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి, నా వెనక పరిగెత్తి, నేను పడితే లేపి..."

మిగతా మాట వినపడలేదు. గేటు దగ్గర బండి చప్పుడు. నీలం మోటార్‌సైకిల్ ఒకటి ట్రైలర్ల వరసల మధ్యనుంచి నెమ్మదిగా వచ్చి వాలుబాటు ముందు ఆగింది. నడిపే మనిషి ఇంజిన్ ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ తీసింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఆరేళ్ళ కిందట నెరవలేదు. ముక్కు మాత్రం అదే, అమ్మ ముక్కు.

"సారీ వదినా, టైమ్ గంట ముందుకి జరిగిందని మర్చిపోయాను" అంది అవని. ఆ పొరపాటు ఆ కుటుంబంలోనే ఉన్నట్టుంది.

తరవాత ఆమె వాలుబాటు మొదట్లోకి వచ్చి నిలబడింది. పైకి ఎక్కలేదు. అన్న వైపు చూడలేదు. అతని వెనక, గాలిలో సగంలో ఆగి ఉన్న మంచం వైపు చూసింది.

"అన్నయ్యా, ఈ ఏడాదంతా మీతో వస్తే నాకు గది ఉందని వదిన చెప్పింది" అంది. "వదిన మాట నాకు చాలదు. ఆ రోజు లేదన్నది నువ్వు. ఉందో లేదో నువ్వే చెప్పు. లేదంటే ఇలాగే బండి తిప్పుకుని వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను."

వెనక గదీ, పెరుగూ, ఎర్రకొండలూ, అన్నీ ఇప్పుడు ఈ ఒక్క మాట మీద ఆగాయి.

వీరభద్రం చెల్లెలి మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి గోడ మీదికి చాచి, రెండు బటన్లలో ఒకటి నొక్కాడు.

మోటారు గుర్రుమంది. మంచం కదిలింది.